మెకంజీ కైఫీయత్తుల నుండి మన నోటు పుస్తకాల దాకా: తాళంచెవి ఎవరి దగ్గర?

ఈసారి రాత కొంచెం పొడుగు. తీరికగా చదవండి.

మన ఇళ్ళలోని పాత నోటు పుస్తకాలను, ఉత్తరాలను, పెళ్ళి చదివింపుల లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ ఫైళ్ళను ఒక ఏఐ సహాయకుడికి జోడించామని కూటంలో చెప్పినప్పటి నుండి మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. పిల్లలు అడిగేది "ఎలా జోడించారు?" అని. పెద్దవాళ్ళు అడిగేది "మన ఇంటి సంగతులు ఎవరికి అప్పగిస్తున్నారు?" అని. మొదటిదానికి జవాబు చెప్పడం సులభం. రెండోదానికి 200 ఏళ్ళు వెనక్కి పోవాలి. మన రాతలను బయటివాడు చదివి సారాంశం రాసుకుని పోవడం ఇది మొదటిసారి కాదు.

కావలి అన్నదమ్ములు

కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌లోని లూయిస్ దీవివాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు సర్వే అతని చేతికి వచ్చింది. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలుస్తూ కొలుస్తూనే ఊళ్ళ చరిత్రలను కూడా పోగు చేశాడు. శాసనాల నకళ్ళు, తాటాకు గ్రంథాలు, నాణేలు, కైఫీయత్తులు. కైఫీయత్తు అంటే ఒక ఊరి వృత్తాంతం. ఊరు ఎప్పుడు కట్టారు, ఏ రాజు ఇనాము ఇచ్చాడు, గుడి ఎవరిది, సరిహద్దులు ఏమిటి అన్నది కరణాల దగ్గరి కవిలెలు చూసి, పెద్దల నోటి మాట విని రాసినది.

ఇంత పని చేసిన మెకంజీకి దేశభాషలు రావు. ఆ లోటు తీర్చినది ఏలూరు నుండి వచ్చిన కావలి వారు. కావలి వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. వీరిలో బొర్రయ్య పరిచయమే ఈ దేశపు విద్యకు తనకు తలుపు తెరిచిందని మెకంజీ తానే రాసుకున్నాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. తరువాత ఆ భారం లక్ష్మయ్య మోశాడు. మనుషులను ఊళ్ళకు పంపేవారు. ఏమేమి అడగాలో పట్టికలు ఇచ్చేవారు. వాళ్ళు తెచ్చినది తెలుగులో, తమిళంలో, కన్నడంలో, మరాఠీలో ఉండేది. దాని సారం ఇంగ్లీషులో దొరకు చేరేది.

ఇప్పుడు మనం జోడించిన ఏర్పాటులోనూ ఇదే వరస ఉంది. అడిగేవాడు ఒకడు. రాతలు ఉన్న పెట్టె ఒకటి. మధ్యలో పెట్టె తెరిచి, చదివి, చెప్పేవాడు ఒకడు. మధ్యవాడు ఎంత నమ్మకస్తుడు, పెట్టె ఎవరి ఇంట్లో ఉంది అన్నదే అప్పటికీ ఇప్పటికీ అసలు సంగతి.

పెట్టె పోయిన కథ

1821లో మెకంజీ చనిపోయాడు. అతని సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు అతని భార్య దగ్గర కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ దానికి కేటలాగు తయారుచేసి 1828లో అచ్చువేశాడు. సేకరణ ముక్కలైంది. కొంత లండన్ చేరింది. దక్షిణ భాషల రాతప్రతులు చాలావరకు మద్రాసుకు తిరిగి వచ్చాయి. 1869లో ఏర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తకాలయం ఇప్పుడు వాటికి ఇల్లు.

లక్ష్మయ్య ఆ పనిని తానే కొనసాగిస్తానని సర్కారుకు అర్జీ పెట్టుకున్నాడు. ఆ సంగతి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ దాకా పోయింది. అక్కడ జేమ్స్ ప్రిన్సెప్ ఉన్న కమిటీ 1836లో ఒప్పుకోలేదు. సామగ్రి తెచ్చిపెట్టడానికి ఈ దేశపువాడు పనికివస్తాడు గాని, దాన్ని పరిశీలించి చరిత్రగా కూర్చడానికి చాలడన్నది వాళ్ళ అభిప్రాయం. ఆ పరిశీలన రెవరెండ్ విలియం టేలర్‌కు అప్పగించారు. ఊరూరా మనుషులను పంపి, ఏళ్ళ తరబడి ప్రతి కాగితం చూసిన మనిషి పక్కకు తప్పుకోవలసి వచ్చింది. తమ్ముడు రామస్వామి మాత్రం అంతకు ముందే, 1829లో, దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. చాలడని వాళ్ళు తేల్చకముందే వచ్చిన జవాబు అది.

తరువాత సి.పి. బ్రౌను వచ్చాడు. మద్రాసులో మెకంజీ కాగితాలు పురుగు పట్టి, సిరా వెలిసిపోతూ ఉండగా పండితులను కూర్చోబెట్టి నకళ్ళు రాయించాడు. సొంత డబ్బు పెట్టి, అప్పులు కూడా చేశాడు. ఈనాడు మనం చదివే కైఫీయత్తులలో చాలావాటికి ఆ నకళ్ళే ఆధారం. సారాంశం ఎంత బాగున్నా మూలం బతికి ఉండాలి. మూలానికి నకలు ఉండాలి. నకలు చదవగలిగిన అక్షరంలో ఉండాలి. బ్రౌను దగ్గర నేర్చుకోవలసినది ఈ మూడే.

ఇంకొకటి కూడా చెప్పాలి. కైఫీయత్తులో ఉన్నదంతా వేదవాక్కు కాదు. సర్కారు మనిషి వచ్చి అడుగుతున్నాడంటే ఇనాము నిలబడుతుందో పోతుందో అన్న బెదురు చెప్పేవాడికి ఉంటుంది. అందుకే "మా తాతలకు ఫలానా రాయలు ఇచ్చాడు" అన్న మాట గట్టిగా వస్తుంది. మన కుటుంబ నోటు పుస్తకాలలోనూ ఇంతే. భాగాల తగాదా నడిచిన ఏట రాసిన పుట వేరుగా ఉంటుంది, పెళ్ళి జరిగిన ఏట రాసిన పుట వేరుగా ఉంటుంది. యంత్రం చదివినా మనిషి చదివినా ఈ తేడా చూడాలి.

తమిళ నేల మీద తెలుగు రాత

ఇక్కడ మన రాత ఎలా నిలిచిందో రెండు ఉదాహరణలు చాలు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన పాటలు మనదాకా రావడానికి శిష్యుల రాతప్రతులు ముఖ్య కారణం. వాలాజాపేట వెంకటరమణ భాగవతారు, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతారు రాసుకున్న ప్రతులు మధురైలోని సౌరాష్ట్ర సభ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆలోచించండి. తెలుగు పాటలు, రాసినది ఇంట్లో సౌరాష్ట్రం మాట్లాడే కుటుంబం, కాపాడినది తమిళ నగరంలోని ఒక కుల సంఘం. మనలాంటి సంఘాలు ఏమి చేయగలవో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మాకు తెలియదు.

రెండోది, సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో ఎట్టయపురంలో, తెలుగు లిపిలో అచ్చయింది. తిరునల్వేలి సీమలో అంత పెద్ద పుస్తకాన్ని తెలుగు అక్షరంలో వేస్తే చదివేవాళ్ళు ఉన్నారన్నమాట. తరువాత మద్రాసు సంగీత అకాడమీ దాన్ని తమిళంలో వేయవలసి వచ్చింది. పాట నిలిచింది, చదివే కన్ను మారింది.

మా తరం సంగతీ అంతే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాలో చాలామంది తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరిన తరువాతనో, రిటైరైన తరువాతనో కూడబలుక్కుని నేర్చుకున్నవాళ్ళమే. 2006 చట్టం తరువాత బడిలో తమిళం ఒకటో తరగతి నుండి తప్పనిసరి పాఠం అయింది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దాని మీద మాకు ఏ కోపమూ లేదు. కాని మన మనవలలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారు, చదవగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. వాళ్ళకు అవ్వ రాసిన నోటు పుస్తకం ఒక బొమ్మ, అంతే. ఈ పనికి దిగడానికి కారణం ఇదే.

ఫాంటు పోతే మాట పోయింది

కంప్యూటర్ రాగానే కష్టం తీరలేదు. 1990లలో మన సంఘాల పత్రికలు, పెళ్ళి సంబంధాల పట్టికలు అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో డీటీపీ చేయించాము. అందులో కంప్యూటర్‌కు తెలిసినది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు గుర్తులే. వాటికి తెలుగు బొమ్మ తొడిగినది ఫాంటు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు.

తెలుగుకు ప్రపంచం అంతటా ఒకటే సంఖ్యలు ఇచ్చినది యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. మన ఇళ్ళ కంప్యూటర్లలో అది కనబడినది 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు వచ్చాక. ఖర్చు కొంచెం ఎక్కువే. "తెలుగు" అన్న మాట ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే 6 బైట్లు, మన లిపిలో రాస్తే 18 బైట్లు. ఏఐ సహాయకులు కూడా తెలుగు మాటను ఇంగ్లీషు మాటకంటే ఎక్కువ ముక్కలు చేసి చదువుతారు. అయినా అక్షరం ఎక్కడికి పోయినా అక్షరంగానే ఉంటుంది. అందుకే పాత డీటీపీ ఫైళ్ళను ముందు యూనికోడ్‌కు మార్చాలి. అది చేయకుండా సహాయకుడిని జోడిస్తే గుడ్డివాడికి అద్దం చూపినట్టే.

మేము ఎంచుకున్న నోట్సు యాప్ పేరు ఆబ్సిడియన్. 2020లో వచ్చింది. దానిలో మాకు నచ్చినది ఒక్కటే, రాసినదంతా మన కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డరులో మామూలు టెక్స్టు ఫైళ్ళుగా ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక ఫైలు, ఒక్కో ఊరికి ఒక ఫైలు. తలకట్టులు, వరసలు గుర్తించడానికి మార్క్‌డౌన్ అనే చిన్న పద్ధతి, 2004లో జాన్ గ్రూబర్ తెచ్చినది. రేపు ఆ కంపెనీ మూతపడినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. పెన్ డ్రైవులో వేసి బీరువాలో పెట్టుకోవచ్చు.

గేజి మార్పు

ఇక జోడించడం. రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఒక్క మాటతో అర్థమవుతుంది. మద్రాసు సెంట్రల్ బ్రాడ్ గేజి, 1676 మిల్లీమీటర్లు. ఎగ్మూరు పూర్వం మీటర్ గేజి, 1000 మిల్లీమీటర్లు. ఒక గేజి బండిలో వచ్చిన సరుకు ఇంకో గేజి ఊరికి పోవాలంటే దింపాలి, మోయాలి, మళ్ళీ ఎక్కించాలి. సరుకు తగ్గినా పగిలినా అక్కడే. 1992లో యూనిగేజి పథకం మొదలయ్యాక ఆ తిప్పలు మెల్లగా తగ్గాయి.

ఏఐ సహాయకులకూ మొన్నటి దాకా ఇదే తిప్ప. ప్రతి యాప్‌కు, ప్రతి సహాయకుడికి మధ్య వేరు వేరు పట్టాలు వేయాలి. లేదంటే మనమే నోటులోని పుటను కాపీ చేసి, సహాయకుడి పెట్టెలో అతికించి, జవాబును మళ్ళీ కాపీ చేయాలి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అని ఒక పద్ధతిని అందరికీ తెరిచి ఇచ్చింది. పొట్టిగా ఎంసీపీ. ఒకటే గేజి అనుకోండి. 2025లో ఓపెన్‌ఏఐ కూడా దాన్ని తీసుకుంది.

నడిచే తీరు ఇది. మన కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. దానికి సర్వర్ అని పేరు, వేరే యంత్రం కాదు. ఏ ఫోల్డరు చూడవచ్చో ఒక సెట్టింగు ఫైలులో దానికి రాసి ఇస్తాము. అది సహాయకుడితో "నేను ఫైళ్ళ పట్టీ ఇవ్వగలను, వెతకగలను, చదివి వినిపించగలను" అని తన పనులు చెప్పుకుంటుంది. మనం ప్రశ్న అడిగితే సహాయకుడు ఏ పని కావాలో దానికి చెబుతాడు. అది ఆ పుట తెచ్చి ఇస్తుంది. ఆబ్సిడియన్‌కు ప్లగిన్ పెట్టుకుని, రహస్య తాళంచెవి ఇచ్చి జోడించే దారి కూడా ఉంది. సింగిల్ లైనులో బాల్ టోకెన్ చేతికి రానిదే డ్రైవరు సెక్షనులోకి పోడు. ఆ తాళంచెవి కూడా అలాంటిదే. మనం ఇస్తేనే ప్రవేశం, తిరిగి తీసుకుంటే లైను మూత.

తాతా, దాతా, ధాతా?

జోడించాక లాభం ఏమిటి? యాప్‌లోని వెతుకులాట అక్షరానికి అక్షరం చూస్తుంది. "ఊరు" అని వెతికితే "ఊళ్ళో" దొరకదు. "1876" అని వెతికితే ఏమీ రాదు, ఎందుకంటే మన పెద్దలు "ధాత కరువు" అని రాశారు. ఆ మహా కరువు వచ్చినది ధాత నామ సంవత్సరంలో, అంటే 1876-77లో. తమిళులు దాన్ని తాదు వరుష పంజం అంటారు. సహాయకుడికి ఈ వరసలు తెలుసు కాబట్టి నాలుగు రకాల మాటలతో వెతికి, చెదిరిన పుటలను ఒక చోటికి తెస్తాడు. తెలుగు చదవలేని మనవడు తమిళంలో అడిగితే తమిళంలో చెబుతాడు. ఇది మాకు పెద్ద మేలు.

కాని సంవత్సరాల చక్రం 60 ఏళ్ళకు ఒకసారి తిరుగుతుంది. ధాత 1816-17లో ఉంది, 1936-37లో ఉంది. ఏ ధాతో తేల్చడానికి పక్క పుటలో ఎవరు బతికి ఉన్నారో చూడాలి. దీనికంటే పెద్ద చిక్కు లిపిది. మనవాళ్ళు చాలామంది తెలుగు మాటను తమిళ అక్షరాలలో రాశారు. తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. క, ఖ, గ, ఘలకూ ఒకటే. అంటే "గుడి పక్క ఇల్లు", "కుడి పక్క ఇల్లు" రెండూ ఒకటిగానే కనబడతాయి. "తాత", "దాత", "ధాత" మూడూ ఒకటే.

ఒక కుటుంబ పుస్తకంలో గుడి నేల గురించిన వాక్యం ఇలాగే ఉంది. సహాయకుడు దాన్ని "తాత ఇచ్చిన నేల" అని చదివి, ఆ ఇంటివారే గుడికి నేల ఇచ్చారని చక్కని పేరా తయారు చేశాడు. ఎక్కడా తడబాటు లేదు. ముందు పుట తెరిచి చూస్తే ఆ దాత వేరే ఊరివాడు, పేరుతో సహా ఉంది. ఆ పేరా అలాగే సంఘం పత్రికలో పడి ఉంటే రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయేవి. పూర్వం కైఫీయత్తు చెప్పినవాడికి ఇనాము మీద ఆశ ఉండేది. యంత్రానికి ఏ ఆశా లేదు, అయినా తప్పు అంతే గట్టిగా చెబుతుంది. ఆశ లేదు కదా అని నమ్మడం మంచిది కాదు.

ఇల్లు దాటేది ఏది?

పెద్దవాళ్ళ ప్రశ్నకు ఇప్పుడు నేరుగా జవాబు. ఫైలు మన ఇంట్లోనే ఉంటుంది. కాని సహాయకుడు కంపెనీ సర్వర్ల మీద నడిచేవాడైతే, అతను చదివిన పుట ఇంటర్నెట్ మీదుగా అక్కడికి పోతుంది. "లోకల్ యాప్" అన్న మాట విని అన్నీ ఇంట్లోనే అనుకోకూడదు. మొత్తం మన కంప్యూటర్‌లోనే నడిచే మోడళ్ళు కూడా ఉన్నాయి, ఒల్లామా వంటి సాధనంతో పెట్టుకోవచ్చు. మామూలు కంప్యూటర్‌లో పట్టే చిన్న మోడళ్ళకు తెలుగు అంతంత మాత్రం. గుట్టు కావాలా, తెలివి కావాలా అన్నది ఇప్పటికైతే పుట చూసి తేల్చుకోవలసిన బేరం.

అందుకని సంఘంలో పెద్దలు, పిల్లలు కూర్చుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము.

బతికి ఉన్నవాళ్ళ రోగాలు, అప్పులు, పెళ్ళి సంబంధాలు, ఆస్తి తగాదాలు వేరే ఫోల్డరులో ఉంటాయి. ఆ ఫోల్డరు సర్వర్‌కు చూపము.

సహాయకుడికి చదివే హక్కు మాత్రమే. రాసే, చెరిపే హక్కు లేదు. పైగా అతనికి చూపేది నకలు ఫోల్డరు. మూలం రెండు పెన్ డ్రైవులలో, రెండు ఇళ్ళలో.

ప్రతి జవాబుకు ఏ ఫైలు, ఏ పుట అన్నది చెప్పించాలి. చెప్పలేకపోతే ఆ జవాబు లెక్కలోకి రాదు. ఆ పుటను మనిషి తెరిచి చూసిన తరువాతే పత్రికకు పోతుంది.

నోటు పుస్తకం ఫొటో, దాని తమిళ అక్షరాల నకలు, మనం చదివిన తెలుగు, మూడూ పక్క పక్కన ఉండాలి. సందేహం ఉన్న మాట పక్కన ప్రశ్న గుర్తు వేయాలి.

వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డులు ఈ ఫోల్డరులో అతికించకూడదు. అబద్ధాలు చేరతాయన్నది ఒక కారణం. అతికించిన పుటలో "ఫలానా పని చేయి" అని ఎవరైనా రాసి పెడితే సహాయకుడు దాన్ని మన ఆజ్ఞ అనుకునే ప్రమాదం ఉంది, అది రెండో కారణం.

లక్ష్మయ్యకు దక్కని పని

కావలి లక్ష్మయ్య కోరినది పెద్ద కోరిక కాదు. తాము తెచ్చిన కాగితాలను తామే చదివి, తామే అర్థం చెప్పుకోవాలని. ఆనాడు పెట్టె ఇంకొకరిది, తాళంచెవి ఇంకొకరిది, తీర్పు ఇంకొకరిది. ఈనాడు పెట్టె మన ఇంట్లోనే ఉంది. మెకంజీ సారాంశం లండన్ పోయింది. మన సారాంశం మన మనవడి ఫోనుకు వస్తుంది. అయితే తీర్పు కూడా మన దగ్గరే ఉండాలంటే మనలో కొందరికైనా అక్షరం రావాలి. చదివి పెట్టేవాడు దొరికాడు కదా అని చదవడం మానేస్తే, రెండు తరాల తరువాత "దాతా, తాతా" అని తేల్చే మనిషి ఉండడు. అందుకే ఈ పనిలో చేరే ప్రతి పిల్లవాడికీ ముందు తెలుగు గుణింతం నేర్పుతున్నాము. నోటు పుస్తకం చేతికి ఇవ్వడం ఆ తరువాతే.

మీ ఇంట్లో అటక మీద, ట్రంకు పెట్టెలో, దేవుడి మూలలో పాత పుస్తకం ఏదైనా ఉంటే పారవేయకండి. తమిళ అక్షరంలో ఉన్నా పరవాలేదు, చెదలు తిన్నా పరవాలేదు. మాకు ఇవ్వనక్కరలేదు. మీ ఎదుటే ఫొటో తీసుకుని పుస్తకం మీ చేతికే ఇస్తాము. ఏ పుట చూపకూడదో మీరే చెప్పండి, ఆ పుట తిప్పము. ఇంట్లో 80 దాటిన పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళ పక్కన కూర్చోండి. పుస్తకంలోని పేర్లు ఎవరెవరివో వాళ్ళకు తెలిసినంత ఏ యంత్రానికీ తెలియదు.